అండాశయ జెర్మ్ సెల్ ట్యూమర్: బయాప్సీ రిపోర్టును ఏ క్రమంలో చదవాలి?

అండాశయంలోని గడ్డను శస్త్రచికిత్స చేసి తీసిన కొన్ని రోజులకు చేతికందే హిస్టోపాథాలజీ రిపోర్టులో ‘మాలిగ్నెంట్ జెర్మ్ సెల్ ట్యూమర్’ (బీజకణాల నుంచి పుట్టిన ప్రాణాంతక కణితి) అన్న మాట కనబడగానే చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. తరువాతి పంక్తులు చదివే ధైర్యం ఉండదు, చదివినా అర్థం కావు. అయితే రోగి కోలుకునే అవకాశం ఎంత, కీమో అవసరమా కాదా అన్నవి తేలేది ఆ తరువాతి పంక్తుల్లోనే. కణితి ఏ రకానిది, అందులో ఒకే రకం కణాలున్నాయా లేక రెండు మూడు రకాలు కలిసి ఉన్నాయా, గడ్డ పగలకుండా బయటికి వచ్చిందా, రక్తంలోని ట్యూమర్ మార్కర్లు (కణితి ఉనికిని తెలిపే పదార్థాలు) ఆశించిన వేగంతో దిగుతున్నాయా అన్న ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ చదివితే రిపోర్టు చాలావరకు అర్థమవుతుంది. ఇది వైద్యుడి సలహాకు బదులుగా వాడుకోవలసినది కాదు. వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తుంది.

అంతర్జాలంలోని అంకెలను ముందు పక్కన పెట్టండి

‘అండాశయ క్యాన్సర్’ అని వెతికితే కనబడే బతుకు శాతాలు దాదాపు అన్నీ ఎపిథీలియల్, అంటే పైపొర కణాల నుంచి పుట్టే, క్యాన్సర్లవి. అవి ఎక్కువగా నెలసరి ఆగిపోయిన వయసులో వస్తాయి, చాలాసార్లు పొట్టంతా పాకిన తరువాతే బయటపడతాయి. జెర్మ్ సెల్ ట్యూమర్లు వేరే జాతివి. అండాలుగా మారవలసిన ఆదిమ బీజకణాల నుంచి ఇవి పుడతాయి. పిండదశలో ఈ బీజకణాలు యోక్ శాక్ (పిండానికి అంటుకుని ఉండే సొన సంచి) గోడ నుంచి బయలుదేరి అండాశయం ఏర్పడే చోటికి ప్రయాణం చేస్తాయి. శరీరంలోని ఏ కణజాలంగానైనా మారగల శక్తి వాటికి ఉండడం వల్లనే ఈ కుటుంబంలోని కణితులు ఒకదానికొకటి పోలిక లేనంత భిన్నంగా కనిపిస్తాయి. వీటిలో ప్రాణాంతకమైనవి అండాశయ క్యాన్సర్లన్నిటిలో 5 శాతానికి మించవు. సాధారణంగా పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసువారిలో వస్తాయి, చాలావరకు ఒక పక్క అండాశయానికే పరిమితమై ఉండగా దొరుకుతాయి, కీమోకు బాగా లొంగుతాయి. అందుచేత పెద్ద వయసు స్త్రీల అంకెలను ఒక పదిహేడేళ్ల అమ్మాయికి అన్వయించుకుని కుంగిపోవడం శాస్త్రరీత్యా కూడా తప్పే.

ఇదే కుటుంబంలో అపాయం లేని సభ్యురాలు కూడా ఉంది. డెర్మాయిడ్ అని అందరూ పిలిచే మెచ్యూర్ సిస్టిక్ టెరటోమా అండాశయ జెర్మ్ సెల్ ట్యూమర్లలో అత్యధిక భాగం. వెంట్రుకలు, కొవ్వు, అప్పుడప్పుడు పళ్లు కూడా ఉండే ఆ గడ్డను తీసేస్తే సాధారణంగా సమస్య తీరినట్టే. కాబట్టి రిపోర్టులో ‘టెరటోమా’ అని ఉంటే దాని ముందున్న మాటను జాగ్రత్తగా చూడాలి. ‘మెచ్యూర్’ (పరిపక్వం) అని ఉందా, ‘ఇమ్మెచ్యూర్’ (అపరిపక్వం) అని ఉందా అన్నదాన్ని బట్టి చికిత్స మారిపోతుంది. నడివయసు దాటిన స్త్రీకి డెర్మాయిడ్ అని వచ్చినప్పుడు మాత్రం, లోపలి చర్మపు పొరలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మకణాల క్యాన్సర్ పుట్టలేదని రిపోర్టులో స్పష్టంగా రాశారో లేదో చూసుకోవాలి. డెర్మాయిడ్లలో నూటికి ఒకటి రెండింటిలోనే ఇది జరుగుతుంది కానీ, జరిగితే దాని దారి జెర్మ్ సెల్ ట్యూమర్ల దారి కాదు.

కణితి పేరు

ప్రాణాంతక జెర్మ్ సెల్ ట్యూమర్లలో డిస్‌జెర్మినోమా బాగా తెలిసినది. కోసి చూస్తే గట్టిగా, తెల్లగా లేదా లేత గులాబీ రంగులో, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో స్వచ్ఛమైన సైటోప్లాజం, మధ్యలో పెద్ద కేంద్రకం ఉన్న గుండ్రటి కణాలు గుంపులుగా కనిపిస్తాయి. ఆ గుంపుల మధ్య సన్నటి పీచు గోడలు, ఆ గోడల పొడవునా లింఫోసైట్లు బారులు తీరి ఉంటాయి. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము పెరుగుతుంది. కొద్దిమందిలో కణితిలో చెదురుగా ఉండే సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్ అనే మాయ రకం కణాల వల్ల గర్భధారణలో పెరిగే హార్మోను హెచ్‌సీజీ కూడా కొంచెం పెరుగుతుంది, దాన్ని చూసి ఆ మాయ రకం కణాలతోనే ఏర్పడే కోరియోకార్సినోమా అనుకుని భయపడనక్కరలేదు. పిండదశలో ఎక్కువగా తయారయ్యే ప్రోటీను ఏఎఫ్‌పీ మాత్రం పెరగకూడదు. మిగతా రకాలు దాదాపు ఎప్పుడూ ఒక పక్కే వస్తే, ఇది 10 నుంచి 15 శాతం మందిలో రెండు పక్కలా రావచ్చు కనుక రెండో అండాశయం గురించి శస్త్రచికిత్స నోట్సులో ఏమి రాశారో చూడాలి. స్టేజి 1లో ఉన్న డిస్‌జెర్మినోమాకు అయిదేళ్ల బతుకు శాతం 95కు పైనే.

యోక్ శాక్ ట్యూమర్ దీనికి పూర్తిగా భిన్నమైనది. మెత్తగా, పసుపు కలిసిన బూడిద రంగులో, లోపల రక్తస్రావంతో, చచ్చిన కణజాలంతో ఉంటుంది. వారాల వ్యవధిలోనే పెరుగుతుంది కాబట్టి తీవ్రమైన కడుపునొప్పితో ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువ. దీని సూక్ష్మదర్శిని గుర్తు షిల్లర్–డువాల్ బాడీ: చిన్న ఖాళీలోకి వేలులా పొడుచుకువచ్చిన కణజాలం, దాని నడుమ ఒక రక్తనాళం, చుట్టూ కణితి కణాల పూత. డెన్మార్కు పాథాలజిస్టు గున్నార్ టీలుమ్ ఈ నిర్మాణానికీ ఎలుక మాయలోని ఎండోడెర్మల్ సైనస్‌లకూ ఉన్న సామ్యాన్ని పట్టుకుని, ఇది బీజకణాల నుంచే పుడుతుందని నిలబెట్టాడు. ‘ఎండోడెర్మల్ సైనస్ ట్యూమర్’ అన్న పాత పేరు ఎక్కడైనా కనబడితే అది ఇదే జబ్బు. షిల్లర్–డువాల్ బాడీలు అన్ని కేసుల్లోనూ కనబడవు. అవి లేవని రాసినంత మాత్రాన నిర్ధారణ తప్పని కాదు. ఏఎఫ్‌పీ దాదాపు అందరిలోనూ వందలు, వేలలో ఉంటుంది.

ఎంబ్రియోనల్ కార్సినోమా, పాలీఎంబ్రియోమా చాలా అరుదు, ఎక్కువగా మిశ్రమ కణితుల్లో భాగంగానే కనబడతాయి. కోరియోకార్సినోమా అని రాసి ఉంటే మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఇది గర్భం నుంచి వచ్చినదా, కాదా? గర్భంతో సంబంధమున్న కోరియోకార్సినోమా అండాశయానికి పాకితే చూడడానికి ఇలాగే ఉంటుంది, కానీ దాని చికిత్స, ఫలితం వేరు. సూక్ష్మదర్శినితో ఈ రెండింటినీ వేరు చేయలేము. కణితి డీఎన్ఏలో ఆ గర్భానికి తండ్రి అయిన పురుషుడి నుంచి వచ్చిన అంశం ఉందో లేదో పరీక్షిస్తే తేలుతుంది. గర్భంతో సంబంధం లేనిదైతే అందులో రోగి సొంత డీఎన్ఏ మాత్రమే ఉంటుంది.

‘మిక్స్‌డ్’ అన్న మాట, ముక్కల సంఖ్య

నా దృష్టిలో రిపోర్టు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే భాగం ఇదే. సుమారు పదింట ఒక మాలిగ్నెంట్ జెర్మ్ సెల్ ట్యూమర్‌లో ఒకటికి మించిన రకాలు కలిసి ఉంటాయి. వాటిలో డిస్‌జెర్మినోమాతో యోక్ శాక్ ట్యూమర్ కలవడం తరచుగా చూస్తాము. అప్పుడు ఏ రకం ఎంత శాతం ఉందో రిపోర్టులో విడివిడిగా రాయాలి, ఎందుకంటే చికిత్సను నిర్ణయించేది అందులోని అత్యంత దూకుడైన భాగం.

ఆ భాగం దొరకాలంటే వెతకాలి. పదిహేను సెంటీమీటర్ల గడ్డలో సూక్ష్మదర్శిని కిందికి వెళ్లేది ఎంచుకున్న కొన్ని చిన్న ముక్కలే. గడ్డ పెద్ద కొలతలో ప్రతి సెంటీమీటరుకు కనీసం ఒక ముక్క తీసి మైనపు బ్లాకు చేయాలన్నది అంగీకృత పద్ధతి. రంగు మారినచోట, రక్తం చేరినచోట, మెత్తబడినచోట అదనంగా తీయాలి. గట్టి తెల్లటి డిస్‌జెర్మినోమా మధ్య రూపాయి బిళ్లంత ఎర్రటి, పేలవమైన మచ్చ ఉందనుకుందాము. ఆ మచ్చలో యోక్ శాక్ కణాలుండి, దాన్ని కోయకుండా వదిలేస్తే, రిపోర్టులో ‘స్వచ్ఛమైన డిస్‌జెర్మినోమా, స్టేజి 1ఏ’ అని వస్తుంది, కీమో అక్కరలేదని ఇంటికి పంపుతారు. అందుకే రిపోర్టు చివర ఎన్ని బ్లాకులు తీశారో చూసి, గడ్డ కొలతతో పోల్చండి. పదిహేను సెంటీమీటర్ల గడ్డకు నాలుగే బ్లాకులుంటే, మిగిలిన కణజాలం నుంచి మరికొన్ని తీయమని మర్యాదగా కోరవచ్చు. తీసిన అవయవాన్ని ప్రయోగశాలలు కొంతకాలమే దాచి ఉంచుతాయి, కనుక ఈ విన్నపం ఆలస్యం చేయకూడదు.

ఇంకో సులువైన తనిఖీ కూడా ఉంది. శస్త్రచికిత్సకు ముందు ఏఎఫ్‌పీ బాగా ఎక్కువగా ఉండి, రిపోర్టులో స్వచ్ఛమైన డిస్‌జెర్మినోమా అని వస్తే, ఆ రెండూ పొసగవు. ఎక్కడో యోక్ శాక్ భాగం దాగి ఉందని భావించి చికిత్స చేయాలి. ఇమ్మెచ్యూర్ టెరటోమాలో ఏఎఫ్‌పీ కొద్దిగా పెరగడం సహజమే, కానీ వెయ్యి దాటితే అక్కడ కూడా ఇదే అనుమానం రావాలి.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పంక్తులు

కణాల్లో ఏ ప్రోటీన్లు ఉన్నాయో ప్రత్యేక రంగులతో పట్టుకునే పరీక్ష ఇది. సంక్షిప్త నామాలతో, కూడిక, తీసివేత గుర్తులతో ఉండే ఈ భాగం చూడడానికి కష్టంగా ఉన్నా సూత్రం సులువు. సాల్4 ఈ కుటుంబానికి చెందిన ప్రాణాంతక కణితుల్లో చాలావాటిలో పాజిటివ్‌గా ఉంటుంది. ఓసీటీ4 డిస్‌జెర్మినోమాలోనూ ఎంబ్రియోనల్ కార్సినోమాలోనూ పాజిటివ్, యోక్ శాక్‌లో నెగటివ్. ఆ మొదటి రెండింటినీ వేరు చేయడానికి సీడీ117, సీడీ30 వాడతారు. సీడీ117 డిస్‌జెర్మినోమా వైపు, సీడీ30 ఎంబ్రియోనల్ వైపు మొగ్గుతాయి. గ్లిపికాన్-3, ఏఎఫ్‌పీ యోక్ శాక్‌ను సూచిస్తాయి. వయసు మళ్లిన స్త్రీలో యోక్ శాక్ ట్యూమర్ అని వస్తే క్లియర్ సెల్ కార్సినోమాను (ఒక రకం ఎపిథీలియల్ క్యాన్సర్) తోసిపుచ్చారా అని అడగడం మంచిది, ఎందుకంటే గ్లిపికాన్-3 ఒక్కటే ఈ రెండింటినీ నమ్మకంగా వేరు చేయలేదు.

గ్రేడ్: ఇమ్మెచ్యూర్ టెరటోమాకు మాత్రమే

డిస్‌జెర్మినోమాకో యోక్ శాక్‌కో గ్రేడ్ ఎందుకు రాయలేదని కంగారుపడకండి. గ్రేడ్ ఇచ్చేది ఇమ్మెచ్యూర్ టెరటోమాకే. కణితిలో పిండదశలోని నాడీ కణజాలం, అంటే పరిపక్వం కాని న్యూరోఎపిథీలియం, ఎంత ఉందన్నదే కొలత. అది అత్యధికంగా ఉన్న స్లైడును తీసుకుని, సూక్ష్మదర్శినిలో తక్కువ పెద్దది చేసి చూసినప్పుడు ఒక దృశ్యక్షేత్రానికి (ఒకసారికి కనబడే మేర) మించకపోతే గ్రేడ్ 1, మూడు క్షేత్రాల వరకు ఉంటే గ్రేడ్ 2, అంతకు మించితే గ్రేడ్ 3 అంటారు. గ్రేడ్ 1ను లో గ్రేడ్ అనీ, 2, 3లను కలిపి హై గ్రేడ్ అనీ రాసే పద్ధతిలో పాథాలజిస్టుల మధ్య ఏకాభిప్రాయం మెరుగ్గా ఉంటుంది. పెద్దవారిలో స్టేజి 1ఏ, గ్రేడ్ 1 అయితే శస్త్రచికిత్స తరువాత పరిశీలనలో ఉంచితే చాలు. పిల్లల్లోనైతే పూర్తిగా తీసేసిన ఇమ్మెచ్యూర్ టెరటోమాకు గ్రేడ్ ఎక్కువైనా కీమో లేకుండా గమనించే పద్ధతి స్థిరపడింది. కీమో మొదలుపెట్టే ముందు రోగి వయసును బట్టి పిల్లల క్యాన్సర్ నిపుణుల సలహా అవసరమా అని అడగడం వృథా కాదు.

ఈ కణితితోపాటు పొట్టలోని పొరల మీద, ఓమెంటమ్ (పేగుల ముందు వేలాడే కొవ్వు పొర) మీద చిన్న చిన్న తెల్లటి గింజలు కనబడవచ్చు. అవి చూడగానే జబ్బు అంతటా పాకిందనుకుంటారు. ఆ గింజలను బయాప్సీ చేస్తే ఒక్కోసారి పూర్తిగా పరిపక్వమైన గ్లియల్ (నాడీకణాలకు ఆసరాగా ఉండే) కణజాలమే ఉంటుంది. దాన్ని గ్లియోమటోసిస్ పెరిటోనై అంటారు. గింజలన్నీ పరిపక్వమైనవే అయితే రోగి ఫలితం బాగానే ఉంటుంది. అవి అపరిపక్వమైతే పరిస్థితి వేరు. అందుకే అలాంటి గింజలను ఒకటి రెండు కాక వీలైనన్ని తీసి పంపించారా అన్నది ముఖ్యం.

స్టేజి: పక్కనున్న చిన్న అక్షరాలు

ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్య, ప్రసూతి సమాఖ్య) పద్ధతిలో స్టేజి 1 అంటే జబ్బు అండాశయాలు దాటలేదు, 2 అంటే కటి భాగంలోకి, 3 అంటే కటి దాటి పొట్ట పొరలకు లేదా పొట్ట వెనుక లింఫు గ్రంథులకు, 4 అంటే దూర అవయవాలకు పాకింది. 2014లో సవరించిన పద్ధతి ప్రకారం జబ్బు ఒక్క అండాశయంలోనే ఉండి గడ్డ పగలకుండా ఉంటే 1ఏ, గడ్డ శస్త్రచికిత్స సమయంలో పగిలితే 1సీ1, అంతకు ముందే పగిలి ఉంటే లేదా ఉపరితలం మీద కణితి ఉంటే 1సీ2, పొట్టలోని నీటిలోనో కడిగిన ద్రవంలోనో క్యాన్సర్ కణాలుంటే 1సీ3. ఈ తేడా పాథాలజీ రిపోర్టు ఒక్కదానితో తెలియదు. గడ్డ ఎప్పుడు, ఎలా పగిలిందో శస్త్రచికిత్స నోట్సులోనే ఉంటుంది, కాబట్టి రెండు కాగితాలనూ కలిపి చదవాలి. అండాశయానికే పరిమితమైన ఇలాంటి గడ్డలోకి బయటి నుంచి సూది గుచ్చి ముక్క తీయకూడదనడానికి కారణం కూడా ఇదే. 1ఏగా ఉండవలసిన జబ్బు కణాలు పొట్టలోకి చిందితే 1సీ అవుతుంది.

జబ్బు ముదిరినా సరే, గర్భసంచిని, రెండో అండాశయాన్ని కాపాడుతూ జబ్బున్న వైపు మాత్రమే తీయడం ఈ కణితుల్లో సాధ్యమవుతుంది. ఆరోగ్యంగా కనిపించే రెండో అండాశయాన్ని అనుమానంతో కోసి బయాప్సీ చేయడం మంచిది కాదు. ఒక మినహాయింపు ఉంది. నెలసరి ఎప్పుడూ రాని అమ్మాయిలోనో, ఎదుగుదలలో తేడాలున్న అమ్మాయిలోనో డిస్‌జెర్మినోమా వస్తే, లేదా రిపోర్టులో ‘గొనాడోబ్లాస్టోమా’ (సరిగా ఏర్పడని బీజగ్రంథిలో పుట్టే కణితి) అని కనబడితే, క్రోమోజోముల పరీక్ష తప్పనిసరి. వై క్రోమోజోము ఉండి బీజగ్రంథులు సరిగా ఏర్పడకపోతే రెండో వైపు కూడా కణితి వచ్చే ప్రమాదం ఎక్కువ కనుక రెండింటినీ తీస్తారు. ఆ సంభాషణను కుటుంబంతో, ఆ అమ్మాయితో ఎంతో సున్నితంగా జరపాలి.

మార్కర్లను లెక్కించడం

ఒక్కసారి వచ్చిన అంకె కంటే అది దిగే వేగం ఎక్కువ చెబుతుంది. రక్తంలో ఏఎఫ్‌పీ సగానికి తగ్గడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది, హెచ్‌సీజీకి ఒకటి నుంచి మూడు రోజులు. శస్త్రచికిత్స రోజున ఏఎఫ్‌పీ 16,000 ఉందనుకుందాము. 7 రోజుల లెక్కన వారానికి 8,000, రెండు వారాలకు 4,000, మూడుకు 2,000, నాలుగు వారాలకు 1,000 దగ్గరికి రావాలి. నాలుగు వారాల తరువాత 6,000 ఉంటే, అంకె తగ్గిందని సంతోషించడానికి లేదు. ఎక్కడో కణితి మిగిలి ఉందని అర్థం. కీమో మొదటి విడత ఇచ్చిన కొత్తలో కణాలు చచ్చి లోపలి పదార్థాన్ని వదలడం వల్ల అంకె కొద్దిరోజులు పెరగవచ్చు, దాన్ని వెంటనే వైఫల్యంగా తీసుకోకూడదు. పసిపిల్లల్లో ఏఎఫ్‌పీ సహజంగానే ఎక్కువ, కాలేయ వ్యాధుల్లో కూడా పెరుగుతుంది. ఎప్పుడూ ఒకే ప్రయోగశాలలో చేయించి, తేదీ, అంకె ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే వైద్యుడికి ఎంతో ఉపయోగం.

ఫలితం గురించి ఏమి ఆశించవచ్చు

1976లో కర్మన్, నోరిస్ ప్రచురించిన పరిశీలనలో యోక్ శాక్ ట్యూమర్ వచ్చినవారిలో మూడేళ్లు బతికినవారు 13 శాతమే, అదీ జబ్బు చాలామందిలో ఒక అండాశయానికే పరిమితమై ఉండగా. తీసేసినా తిరగబెట్టేది. వృషణ క్యాన్సర్‌లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు సాధించిన ఫలితాల తరువాత అదే దారి అండాశయానికి కూడా పనికొచ్చింది. 1994లో వెలువడిన అమెరికా గైనకాలజిక్ ఆంకాలజీ గ్రూపు అధ్యయనంలో, కణితిని పూర్తిగా తీసేసి, బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ కలిపిన బీఈపీ మూడు విడతలు తీసుకున్న 93 మందిలో 91 మందికి జబ్బు లేకుండా పోయింది. ఒక్క తరం కాలంలో ఇంత మార్పు వచ్చిన క్యాన్సర్లు చాలా తక్కువ.

స్టేజి 1ఏ డిస్‌జెర్మినోమాను కీమో లేకుండా పరిశీలనలో ఉంచితే కొందరిలో, దాదాపు అయిదారుగురిలో ఒకరికి, తిరగబెడుతుంది. అయినా అప్పుడు ఇచ్చే కీమోతో వారిలో దాదాపు అందరూ నయమవుతారు కనుక అందరికీ ముందే మందు ఇవ్వరు. పరిశీలన అన్నది నిర్లక్ష్యం కాదు, క్రమం తప్పని స్కాన్‌లు, రక్తపరీక్షలు ఉన్నప్పుడే అది చికిత్స అవుతుంది. యోక్ శాక్, కోరియోకార్సినోమా, ముదిరిన స్టేజి, చాలా ఎక్కువ మార్కర్లు, నలభై అయిదు దాటిన వయసు ఉన్నచోట ఫలితం అంత బాగుండదు. వీరిలో కీమో విడతలు ఆలస్యం కాకుండా, 21 రోజుల గడువు తప్పకుండా, మోతాదు తగ్గకుండా సాగడం మీద చాలా ఆధారపడి ఉంటుంది. సెలవులనో, పరీక్షలనో ఒక విడతను వాయిదా వేయమని అడిగేముందు ఇది గుర్తుంచుకోండి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను, సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీయగలవు. అందుకే పొడి దగ్గు, ఆయాసం, చెవిలో హోరు వస్తే వెంటనే చెప్పాలి. ఎక్కువమందికి బీఈపీ తరువాత నెలసరి తిరిగి వస్తుంది, పిల్లలు కూడా కలుగుతారు.

కీమో తరువాత మార్కర్లు పూర్తిగా సాధారణమై కూడా స్కాన్‌లో గడ్డ పెరుగుతూ కనిపిస్తే, అది గ్రోయింగ్ టెరటోమా సిండ్రోమ్ కావచ్చు. టెరటోమా భాగం ఉన్న కణితుల్లో మందుకు అపరిపక్వ కణాలు చచ్చిపోయి, పరిపక్వ కణజాలం మిగిలి పెరగడం వల్ల ఇలా జరుగుతుంది. ఇది కీమోకు లొంగదు, శస్త్రచికిత్సతో తీయాలి. జబ్బు ముదిరిందని పొరబడి మరింత కీమో ఎక్కించడం నిష్ఫలం.

రెండో అభిప్రాయం, తరువాతి ఏళ్లు

ఇంత అరుదైన కణితిని ఏడాదిలో ఒకటో రెండో చూసే పాథాలజిస్టు రిపోర్టును, వీటిని తరచుగా చూసే గైనిక్ పాథాలజీ నిపుణుడికి మరోసారి చూపించడం మొదటివారిని అవమానించడం కాదు, మంచి కేంద్రాల్లో అది రివాజు. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే ప్రయోజనం లేదు. స్లైడ్లు, మైనపు బ్లాకులు, శస్త్రచికిత్స నోట్సు, ఆపరేషన్‌కు ముందటి మార్కర్ల అంకెలు కలిపి తీసుకెళ్లాలి. శస్త్రచికిత్స మధ్యలో చేసే ఫ్రోజెన్ సెక్షన్ ఫలితం తుది రిపోర్టుతో కలవకపోవడం ఈ కణితుల్లో తరచుగా జరిగేదే. తుది రిపోర్టునే ప్రమాణంగా తీసుకోవాలి.

తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే బయటపడతాయి కనుక ఆ కాలంలో పరీక్షలు దగ్గరదగ్గరగా ఉంటాయి. డిస్‌జెర్మినోమా మరికొంత ఆలస్యంగా కూడా తిరిగి రావచ్చు, అందుచేత పరిశీలన కాలాన్ని సొంతంగా కుదించుకోకూడదు. గర్భం దాల్చితే హెచ్‌సీజీ, ఏఎఫ్‌పీ రెండూ సహజంగానే పెరుగుతాయి, మార్కర్లతో జబ్బును పసిగట్టడం కష్టమవుతుంది. అందుకే పరిశీలన ముమ్మరంగా ఉన్నంతకాలం గర్భాన్ని వాయిదా వేయమంటారు. ఆ తరువాత గర్భం వచ్చినప్పుడు కణితి పేరు, స్టేజి, తీసుకున్న కీమో విడతలు రాసి ఉన్న డిశ్చార్జి సమ్మరీని ప్రసూతి వైద్యురాలికి మొదటి సందర్శనలోనే చూపించాలి.